తెర వెనక నుంచి మొదలుపెట్టాలి

గుంటూరులో ఆటో ఎక్కి ‘నాజ్ సెంటర్’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. విజయవాడలో ‘అలంకార్ సెంటర్’ అన్నా అంతే. ధర్నాకు వెళ్లేవాళ్లూ, షాపింగ్‌కు వెళ్లేవాళ్లూ అదే పేరు వాడతారు. ఈ రెండూ సినిమా హాళ్ల పేర్లు. లోపల ఆట నడిచినా నడవకపోయినా, పేరు మాత్రం రోడ్డుకు అతుక్కుపోయింది.

పాత హాళ్ల పేర్లను కాస్త నిదానంగా చదివితే అవి ఏ కాలానివో తెలిసిపోతుంది. ‘టాకీస్’ అంటే మూకీలు పోయి తెరకు మాటలొచ్చిన రోజులు. ‘మహల్’, ‘ప్యాలెస్’ అంటే నేల టికెట్టు కొన్నవాడికి కూడా మూడు గంటల సేపు రాజభవనం చూపిస్తామన్న ఆశ. ‘కళామందిరం’ మాత్రం నాటకాల వాళ్ల మాట. విజయవాడ దుర్గా కళామందిరం నాటకం నుంచి సినిమాకు మారింది కానీ పేరు మార్చుకోలేదు.

ఇలాంటి హాలు ఒకటి మూతపడ్డప్పుడల్లా ఊళ్లో ఒక మాట వినపడుతుంది: దీన్ని బాగుచేసి నాటకాలకూ డాన్సులకూ ఇస్తే ఎంత బాగుంటుంది అని. మాట మంచిదే. అయితే దాని వెంట వచ్చే ప్లాన్లు దాదాపు అన్నీ హాలు ముందు వైపు నుంచే మొదలవుతాయి. ఎలివేషన్‌కు రంగులు, గేటుకు ఆర్చి, లాబీలో పాత ఫొటోలు, మెత్తటి కుర్చీలు, ఏసీ. నాటకం ఆడేవాళ్లను పిలిచి అడిగితే ఈ వరస తిరగబడుతుంది. వాళ్లు హాల్లోకి రాగానే కుర్చీల వంక చూడరు. నేరుగా స్టేజీ ఎక్కి, నటులు తమ వంతు కోసం నిలబడే పక్క చాటులోకి, అంటే వింగ్‌లోకి తొంగిచూసి, ‘ఇటు నుంచి అటు పోవడానికి వెనక దారి ఉందా?’ అంటారు. పాత హాలును కళావేదికగా మార్చే పని ఆ ప్రశ్న దగ్గరే మొదలవ్వాలి. చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం కూడా అక్కడే ఖర్చవ్వాలి. ఎందుకో చెప్పాలంటే, ఈ హాళ్లకు అసలు ఏం జరిగిందో ముందు చూడాలి.

స్టేజీ ఎక్కడికి పోయింది?

బెజవాడలో మారుతి సినిమా హాలు 1921లో వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి శాశ్వత సినిమా హాలుగా దాన్ని చెబుతారు. కట్టించింది పోతిన శ్రీనివాసరావు. (అదే ఏడాది వేసవి మొదట్లో ఇక్కడ కాంగ్రెస్ సమావేశం జరిగింది, పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి చూపించింది కూడా అప్పుడే. ఒక్క ఏడాదిలో ఊరు రెండు కొత్త గుడ్డలు చూసిందన్నమాట, ఒకటి జెండాది, ఇంకొకటి బొమ్మలాడేది.)

అంతకు ముందే కాదు, ఆ తర్వాత చాలాకాలం కూడా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సాయంత్రమంటే నాటకమే. మైలవరం కంపెనీ, తెనాలి రామవిలాస సభ అంటే జనానికి అంత మోజు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి సమాజంలోనే స్త్రీ పాత్రలకు పేరు మోసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టిందీ తెనాలిలోనే. 1940ల్లో ప్రజానాట్యమండలి వచ్చి నాటకాన్నీ బుర్రకథనూ ఊరూరా తిప్పింది. గుంటూరు పక్కన పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఆ బుర్రకథతోనే రాష్ట్రమంతా తెలిశారు. విజయవాడ కాలేజీలో నాటకం వేస్తూ మీసం తీయనని మొండికేసి, ఆ మీసంతోనే ఆడ వేషం కట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న కుర్రాడి కథ అందరికీ తెలిసిందే. ఆయనే తర్వాత ఎన్టీఆర్ అయ్యారు.

మరి హాళ్లు సినిమాకు ఎందుకు మారాయి? లెక్క చాలా తేలిక. నాటకానికి ఒక రాత్రికి పాతిక మంది రావాలి, వాళ్లకు బత్తాలివ్వాలి, భోజనం పెట్టాలి, హార్మోనియం ఆయన అలగకుండా చూసుకోవాలి. సినిమా పెట్టె రైల్లో వస్తుంది, అలగదు, రోజుకు మూడాటలు ఆడుతుంది. యజమానులు తెలివైన పనే చేశారు. నాటకాల హాల్లో స్టేజీ ముందు అంచుకు తెర బిగించేశారు. తెర వెనక స్పీకర్లు పెట్టారు. ఇక వింగ్స్‌తో, గ్రీన్ రూముతో పనేముంది? ఒక పక్క జనరేటరు, ఇంకో పక్క విరిగిన కుర్చీలు, పాత పోస్టర్లు చేరాయి. కొన్నిచోట్ల వెనక గది గోడ పగలగొట్టి రోడ్డు వైపు కొట్లు తీసి అద్దెకిచ్చారు. జనం కూర్చునే భాగం సినిమా కాలంలో కూడా బాగానే ఉంది. పోయిందంతా తెర వెనక భాగమే. అందుకే పాత హాలును నాటకానికి తిరిగివ్వడమంటే మొట్టమొదట ఆ తెర విప్పి, వెనక ఎన్ని అడుగులు మిగిలాయో టేపు పెట్టి కొలవడం.

ఇక్కడ హాళ్లు రెండు రకాలుగా తేలతాయి. నాటకం కోసం పుట్టి సినిమాకు మారినవి ఒక రకం. వీటిలో అటక మీదో, ఇటుక గోడ వెనకో అసలు స్టేజీ ఇంకా దొరుకుతుంది. రెండో రకం సినిమా కోసమే కట్టినవి. 1950ల నుంచి వచ్చిన వాటిలో ఎక్కువ ఇవే. వీటిలో తెరకూ వెనక గోడకూ మధ్య స్పీకరు పట్టేంత సందే ఉంటుంది. అక్కడ స్టేజీని వెనక్కి పెంచడానికి జాగా ఉండదు, ముందుకు తేవాలి. అంటే మొదటి ఏడెనిమిది వరసలు తీసేయాలి. ఒకప్పుడు అది ‘నేల’ క్లాసు. తెరకు దగ్గరగా మట్టిలో కూర్చుని కాయితాలు ఎగరేసిన జనం ఉన్న చోటే ఇప్పుడు స్టేజీ లేస్తుంది. సీట్లు తగ్గుతాయని కంగారు పడక్కర్లేదు, ఈ ఊళ్లకు ఇప్పుడు కావలసింది చిన్న హాలే.

విజయవాడలో నగరపాలక సంస్థది తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది. గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు జరిగింది అక్కడే. పెద్ద సభకు, పెద్ద పోటీలకు అవి చాలు. కానీ మామూలు శనివారం నాడు ఒక నాటికకు నూట యాభై మంది వచ్చారనుకోండి, పెద్ద హాల్లో వాళ్లు అక్కడొకరూ ఇక్కడొకరూ కూర్చుంటారు. హాస్యం పండదు. నవ్వు పక్కవాడి నుంచి అంటుకునేది కాబట్టి మధ్యలో మూడు ఖాళీ కుర్చీలుంటే అక్కడే ఆరిపోతుంది. అదే నూట యాభై మంది మూడు వందల సీట్ల హాల్లో ఉంటే సగం నిండినట్టు కనపడుతుంది, ఆడేవాడికి ఊపొస్తుంది.

కాళ్లు కనపడాలి

సినిమా హాల్లో తెర ఎత్తులో ఉంటుంది. కూర్చున్నవాడి చూపు కాస్త పైకి ఉండేలా వాలు కడతారు. నాటకంలో, అంతకంటే ఎక్కువగా నాట్యంలో, చూపు నేల మీద పడాలి. కూచిపూడి ఈ ఊళ్లకు పక్కనే. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, పళ్లేన్ని కదుపుతూ తాళం వేస్తుంది. ఆ పళ్లెం కనపడనివాడికి అక్కడ ఏం జరుగుతున్నదో సగమే తెలుస్తుంది. ‘బాగా ఊగుతోంది’ అనుకుంటాడు, అంతే.

కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు నాలుగడుగుల లోపే ఉంటుంది. స్టేజీ మూడు, మూడున్నర అడుగులుంటే ముందు వరసవాళ్లకు స్టేజీ నేల కనపడుతుంది. ‘దర్జాగా ఉంటుంది’ అని అయిదడుగులు లేపితే మొదటి నాలుగైదు వరసల వాళ్లకు నడుము పైనే కనపడుతుంది. విచిత్రమేమిటంటే ఆ వరసల్లో కూర్చునేది ముఖ్య అతిథులు. ఎత్తు స్టేజీలు రాజకీయ సభలకు బాగుంటాయి, అక్కడ కాళ్లతో పనిలేదు.

స్టేజీ మీద ఏం పరుస్తారన్నది ఇంకా ముఖ్యం. గ్రానైట్ పరిచిన స్టేజీలు చాలాచోట్ల కనపడతాయి. తుడవడానికి వీలు, మెరుస్తుంది, ప్రారంభోత్సవం ఫొటోల్లో బాగా వస్తుంది. కానీ ఆ నేల అస్సలు ఒదగదు. గజ్జె కట్టి గంట సేపు అడుగు వేసే పిల్లల మోకాళ్లకు, మడమలకు దెబ్బంతా తిరిగొస్తుంది. చెమట పడితే జారుతుంది కూడా. కింద చెక్క దూలాలు, వాటి మధ్య రబ్బరు దిమ్మెలు, పైన పలకలు వేస్తే నేల కొంచెం ఒదుగుతుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. మన నాటికల్లో చాలావాటికి ఇప్పటికీ స్టేజీ ముందు అంచున మైకులు పెడతారు. చెక్క మీద అడుగు పడిన ప్రతిసారీ ‘ధబ్’మని ఆ మైకులో వినపడుతుంది. హీరో కోపంగా నడిస్తే డైలాగు కంటే చెప్పుల చప్పుడే పెద్దదవుతుంది. మైకు స్టాండు కింద మెత్తటి స్పాంజి ముక్క వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఖర్చు దాదాపు లేదు. కానీ చెక్క నేల వేయించే ఇంజినీరుకూ, మైకులు పెట్టే ఆయనకూ మధ్య ఒక్కసారైనా మాట జరగాలి.

చప్పుడు ఎక్కడ చచ్చిపోతుంది

ఖాళీ హాల్లో స్టేజీ మీద నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి ఆగి వింటే హాలు గుణం సగం తెలిసిపోతుంది. ఆ చప్పుడు వెంటనే ఆగిపోదు, గోడలకు తగిలి తిరుగుతూ సన్నబడుతుంది. ధ్వని శక్తి పది లక్షల వంతుకు పడిపోవడానికి పట్టే సమయాన్ని ఆ హాలు ప్రతిధ్వని కాలంగా లెక్కేస్తారు. హాలు ఎంత పెద్దదైతే అది అంత పెరుగుతుంది, చప్పుడును పీల్చుకునేవి ఎంత ఎక్కువుంటే అంత తగ్గుతుంది. మాట ప్రధానమైన నాటకానికి ఒక సెకను అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. సంగీతానికి ఒకటిన్నర సెకన్లు, అంతకు పైన కూడా ఉండొచ్చు. సినిమా హాలుకు వీలైనంత తక్కువ ఉండాలి, ఎందుకంటే వానా, గుహా, కొండా అన్నీ సౌండ్ ట్రాక్‌లోనే ఉంటాయి, హాలు తన సొంత గొంతు కలపకూడదు.

పాత సినిమా హాళ్లలో గోడలకు చిల్లుల పలకలు, వాటి వెనక దూది లాంటి మెత్త, పైన గుడ్డ ఎందుకుంటాయో దీనితో అర్థమవుతుంది. స్పీకరుకు అది బాగుంటుంది. మనిషి గొంతుకు అది బావిలో మాట్లాడినట్టు కాదు, పరుపులో మాట్లాడినట్టు. స్టేజీ మీద మామూలుగా మాట్లాడిన మాట పదో వరస దాకా వెళ్లి అక్కడ నీరసపడిపోతుంది. పద్యనాటకం వాళ్లకు ఇంకా కష్టం. పద్యం చివర అక్షరం మీద రాగం లాగినప్పుడు హాలు దాన్ని కాస్త పట్టుకుని తిరిగివ్వాలి. అప్పుడే వన్స్‌మోర్ అనాలనిపిస్తుంది. గోడలు మింగేస్తే గాయకుడు ఇంకా గట్టిగా పాడతాడు, రెండో పద్యానికే గొంతు పోతుంది.

అందుకని ఆ పలకలన్నీ పీకేయడం కూడా సరికాదు. ఖాళీ ఇటుక గోడలు మాటను రెండుసార్లు వినిపిస్తాయి, వెనక గోడ బల్లపరుపుగా ఉంటే మరీనూ. చేయాల్సింది భాగాలుగా చేయాలి. స్టేజీకి దగ్గరున్న పక్క గోడలు, ముందు సీలింగు గట్టిగా ఉంచితే మాట జనంలోకి తోస్తాయి. వెనక గోడకు, బాల్కనీ కింద భాగానికి మెత్త ఉంచాలి. పక్క గోడల వెంట బరువైన కర్టెన్లు కడ్డీ మీద జరిగేలా పెడితే, నాటకం రోజు లాగి, కచేరీ రోజు తెరవొచ్చు. కుర్చీలు మెత్తటివైతే ఇంకో లాభం ఉంది. ఖాళీ కుర్చీ కూడా మనిషిలాగే చప్పుడు పీలుస్తుంది కాబట్టి, మధ్యాహ్నం ఖాళీ హాల్లో చేసిన రిహార్సలుకూ, సాయంత్రం నిండు హాలుకూ తేడా మరీ ఎక్కువ ఉండదు.

లోపలి చప్పుడు సంగతి ఇది. బయటి చప్పుడు అంతకంటే మొండిది. సినిమాలో ఫైటింగ్ సాగుతుంటే ఏలూరు రోడ్డు హారన్లు ఎవరికీ వినపడవు. నాటకంలో తల్లి పాత్ర చెమ్మగిల్లిన కళ్లతో మౌనంగా నిలబడ్డ పది సెకన్లలో అన్నీ వినపడతాయి. తలుపులు రెండు వరసల్లో ఉండి మధ్య చిన్న ఖాళీ ఉంటే రోడ్డు మోత చాలా తగ్గుతుంది. పాత హాళ్ల వరండాలు సరిగ్గా ఆ పనే చేసేవి. వాటిని కొట్లుగా మార్చడంతో జనానికి నిలబడే చోటుతో పాటు ఈ అడ్డు కూడా పోయింది. రేకుల కప్పు ఉంటే వాన మొదలైన నిమిషంలో నాటకం ఆపేయాల్సిందే. కప్పు కింద తప్పకుండా ఒక బరువైన పొర ఉండాలి. రేకులు ఆస్బెస్టాస్‌వైతే వాటిని పగలగొట్టకుండా, పొడి లేవకుండా దించే పద్ధతి తెలిసినవాళ్లకే అప్పజెప్పాలి.

గోడ సంగతి, నిప్పు సంగతి

గోడల మరమ్మతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు కానీ ఒక తప్పు పదేపదే జరుగుతుంది. పాత గోడలు ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. సున్నం తేమను పీల్చుకుని ఎండలో వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరు వేస్తే కింది నుంచి ఎక్కిన తేమ లోపలే ఇరుక్కుంటుంది. మూడో వానాకాలానికి ఉప్పు పూత లేస్తుంది, పెచ్చులూడతాయి, ‘పాత బిల్డింగు కదా’ అని గోడను తిడతారు. సున్నం గోడకు సున్నమే వేయాలి. నల్లరేగడి మీద కట్టినవైతే నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కాబట్టి, పగులు పూడ్చేముందు ఒక ఏడాది పాటు అది పెరుగుతున్నదా ఆగిందా అని గుర్తు పెట్టి చూడటం మంచిది. కప్పును మోసే పాత ఇనుప ట్రస్సులకు స్టేజీ లైట్లు వేలాడదీసేముందు అవి ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలి. సినిమా హాలు కప్పు తనను తాను మోసుకుంటే చాలు. నాటకం వచ్చాక లైట్లు, తెరలు, కడ్డీలు అన్నీ దాని మెడకే చుట్టుకుంటాయి.

సురభి వాళ్లలా పెద్ద బొమ్మల తెరలు పైకి లాగి దాచాలంటే స్టేజీ మీద కప్పు, ముందు కనపడే నోరు ఎత్తుకు రెండున్నర రెట్లు ఉండాలని ఒక లెక్క. పాత హాళ్లలో అది కుదరదు. పైకి చుట్టుకునే తెరలతో, పక్కకు జరిగే తెరలతో సర్దుకోవచ్చు. ఆ ఎత్తు కోసం పాత కప్పు లేపేసే సాహసం మాత్రం వద్దు.

నిప్పు దగ్గర సర్దుబాట్లు లేవు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మంట లేచింది, కానీ మనుషులు పోయింది ఎక్కువగా పైన బాల్కనీలో, పొగకు. అదనపు సీట్లు వేసి దారులు మూశారు. సినిమా హాల్లోనే అలా జరిగితే, గుడ్డ తెరలు, సెట్టు గోడల చెక్క పలకలు, వేడెక్కే లైట్లు, పాత వైరింగు ఒకేచోట ఉండే స్టేజీ సంగతి చెప్పేదేముంది. కోల్‌కతాలోని స్టార్ థియేటర్ 1991లో కాలిపోయింది. కాబట్టి మొదటి రూపాయి వైరింగుకు, రెండోది బయటికి తెరుచుకునే తలుపులకు. చక్రాల కుర్చీ లోపలికి రావడానికి ర్యాంపు ఎటూ వేస్తారు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా అదే చెబుతుంది. స్టేజీ ఎక్కడానికి ర్యాంపు వేయడం మాత్రం చాలామంది మరిచిపోతారు. చక్రాల కుర్చీలో ఉన్నవాడు ప్రేక్షకుడే అయి ఉండాలని ఏముంది?

బాగుచేశాక ఏమైంది?

స్టార్ థియేటర్ కథ అక్కడితో ఆగలేదు. అది బెంగాలీ నాటకానికి 19వ శతాబ్దం నుంచి ఇల్లు లాంటిది. కాలిపోయాక కోల్‌కతా నగరపాలక సంస్థ ముందు భాగం నిలబెట్టి, లోపల కొత్తగా కట్టి, 2000ల్లో మళ్లీ తెరిచింది. తెరిచాక నడపడం ప్రైవేటు చేతికిచ్చారు, ఎక్కువగా సినిమాలే ఆడాయి. బిల్డింగు బతికింది, నాటకం మాత్రం ఇల్లు చేరలేదు. ముంబై రాయల్ ఒపేరా హౌస్ ఇంకో రకం. 1911లో అయిదో జార్జి చేతుల మీదుగా మొదలైంది, తర్వాత సినిమా హాలయింది, 1993లో మూతపడింది. సొంతదారులైన గోండల్ రాజకుటుంబం బాగుచేయించి 2016లో మళ్లీ తెరిచింది. ఇప్పుడు అక్కడ కచేరీలు, నాటకాలు జరుగుతున్నాయి. రెండిటికీ తేడా సున్నంలో లేదు. ఏ సాయంత్రం ఎవరికివ్వాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారన్న దాంట్లో ఉంది.

మన దగ్గర అసలు అడ్డంకి స్థలం ధర. విజయవాడ గవర్నరుపేటలో, గాంధీనగర్‌లో, గుంటూరు నడిబొడ్డున ఒక హాలు స్థలం ఎంత పలుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. యజమానికి నీతులు చెప్పి లాభం లేదు. హాలు అలాగే ఉంచినందుకు, కట్టకుండా వదులుకున్న అంతస్తులకు బదులుగా వేరేచోట కట్టుకునే హక్కు, అంటే టీడీఆర్ బాండు, ఇస్తే మాట కలుస్తుంది. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాళ్లకు ఇచ్చే పద్ధతే ఇది. ఇంకోటి, ముందు వైపు కొట్లు ఉండనిచ్చి వాటి అద్దెతో హాలు నడపడం. చూడ్డానికి అందంగా ఉండకపోవచ్చు, కానీ విరాళాల మీద నడిచే హాలు దాత ఆరోగ్యం మీద నడుస్తుంది.

నడిపే ఖర్చుకు ఒక ఊహా లెక్క వేద్దాం. కరెంటు, వాచ్‌మన్, లైట్ల ఆపరేటరు, ఊడ్చేవాళ్లు, మరమ్మతులు అన్నీ కలిపి ఏడాదికి 36 లక్షలు అనుకుందాం. హాల్లో ఏడాదికి 120 సాయంత్రాలు లైటు వెలిగితే ఒక్కో సాయంత్రం మీద 30 వేలు పడుతుంది. 240 సాయంత్రాలు వెలిగితే 15 వేలు. మూడు వందల సీట్లలో సగం నిండి, మనిషి వంద రూపాయలిస్తే సరిగ్గా ఆ 15 వేలు వచ్చేస్తాయి. నాటకం టికెట్టు మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ కూడా లేదు. అంటే అద్దె పెంచి హాలు నిలబెట్టాలని చూసేవాళ్లు తలకిందులుగా ఆలోచిస్తున్నారు. అద్దె తగ్గించి రోజులు పెంచాలి. అద్దెలో మైకు, జనరేటరు, లైట్లు కలిపే చెప్పాలి. ‘హాలు అయిదు వేలే, మిగతావి ఎక్స్‌ట్రా’ అన్నచోట నాటక సమాజం చివరికి కట్టేది ఎంతో వాళ్ల కోశాధికారికి తెలుసు.

వంద రూపాయలు ఎవరిస్తారు అనేది న్యాయమైన ప్రశ్న. తెలుగు నాటకానికి టికెట్టు కొనే అలవాటు తప్పిపోయి చాలాకాలమైంది. నాటక పోటీలు పెట్టే పరిషత్తులు దాతల డబ్బుతో నడుస్తాయి, ఆహ్వాన పత్రిక ఉంటే లోపలికి రావచ్చు. డబ్బు దాతది కాబట్టి సమయం కూడా దాతదే. ఆరింటికి కార్యక్రమం అని వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, ఇద్దరు ముఖ్య అతిథులు, ఒక ఆత్మీయ అతిథి, ఏడు శాలువాలు. మేకప్ వేసుకుని వింగ్‌లో నిలబడ్డ మనిషి గడ్డం జిగురు ఊడిపోయి రెండోసారి అంటించుకుంటాడు. నాటిక ఎనిమిదిన్నరకు మొదలైతే, చివరి సిటీ బస్సు చూసుకునేవాళ్లు సగంలో లేస్తారు. టికెట్టు పెడితే ఇది ఒక్క నెలలో మారుతుంది. డబ్బిచ్చి వచ్చినవాడు ఆరున్నరకే కుర్చీలో కదలడం మొదలుపెడతాడు. కాబట్టి అద్దె కాగితంలో ఒక షరతు రాయించాలి: టికెట్టు ఉన్న రోజు నాటకం వేసిన టైముకే మొదలవుతుంది, సన్మానాలు ఉంటే నాటకం అయ్యాకే. గొడవలవుతాయి. అవనివ్వండి.

240 సాయంత్రాలు నాటకాలతోనే నిండవు. ఉదయం పూట సంగీతం, నాట్యం క్లాసులు, మధ్యాహ్నం బడి పిల్లలు, వారానికి ఒక రోజు బుర్రకథో హరికథో. బుర్రకథకు లోతైన స్టేజీ అక్కర్లేదు. కథకుడు, పక్కన రాజకీయం చెప్పేవాడు, హాస్యం చెప్పేవాడు, ముగ్గురూ జనానికి దగ్గరగా నిలబడితే చాలు. ముందుకు తెచ్చిన స్టేజీ వాళ్లకు అతికినట్టు సరిపోతుంది. పాత సైకిల్ స్టాండు షెడ్డు రిహార్సల్ గదికి పనికొస్తుంది. ఈ ఊళ్లలో చాలా సమాజాలు ఎవరి ఇంటి డాబా మీదో, ఏదో ఆఫీసు మూసేశాకో రిహార్సల్ చేసుకుంటాయి. ఆ షెడ్డుకు ఫ్యాన్లు, ఒక నిలువుటద్దం పెట్టి గంటకు నామమాత్రం రుసుము తీసుకుంటే, నాటకం లేని రోజు కూడా హాలు చుట్టూ నాటకాల వాళ్లుంటారు.

మిగిలింది పెళ్లిళ్ల భయం. ఏ హాలు కమిటీ అయినా మూడో ఏడు ‘ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్లకిస్తే తప్పేంటి’ అంటుంది. ఒక్కసారి ఇస్తే స్టేజీ మీద పీటలు, చెక్క నేల మీద హోమం, వింగ్స్‌లో వంట పాత్రలు. ఆ తర్వాత చెక్క నేల ఎందుకని గ్రానైట్ వస్తుంది. అది రాకుండా ఉండాలంటే రిజిస్టరు ముందే నిండి ఉండాలి. ఇందులో నాటకాల వాళ్లకు ఒక అనుకూలం ఉంది. వాళ్ల ప్రేక్షకులు కూడా పెళ్లిళ్ల సీజన్‌లో పెళ్లిళ్లకే పోతారు. ఆషాఢంలో, మూఢాల్లో ఊరంతా ఖాళీ. నాటకోత్సవాలు, వర్క్‌షాపులు, నాట్య వారాలు అక్కడ పెట్టుకోవాలి. ముహూర్తాల నెలల్లో పగటి క్లాసులు, రిహార్సళ్లు పెట్టి హాలుకు తాళం పడకుండా చూడాలి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే కల్యాణ మండపాల మేనేజర్లు ముందు ముహూర్తాల పేజీలు తీస్తారు. ఈ హాలు మేనేజరు కూడా అదే పంచాంగం తెప్పించుకుని, వాళ్లు వదిలేసిన పేజీలు ముందు తీయాలి.